పరిశ్రమ యెచ్చట నెలకొనును?

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాసము)



ఒక గ్రామమున ఒక గ్రంథాలయము ఇరువదియైదు సంవత్సరములు తలుపులు మూయక నిలుచుట సామాన్య విషయము కాదు. చందాలు వసూలు చేసినవారు, పుస్తకములకు అట్టలు వేసినవారు, దీపము పెట్టినవారు ఎందరో కలరు. వారి సేవను కొనియాడుటకు నాకంటె అర్హులు ఈ వేదికపై నున్నారు గనుక ఆ పని వారికి విడిచెదను. భూగోళశాస్త్రము బోధించిన వాడనగుటచే, ఆ శాస్త్రమున మనకు పనికివచ్చు విషయము నొకదానిని గూర్చి ముచ్చటింపుమని కార్యవర్గము వారు నన్ను కోరినారు.

ఏ విషయము చెప్పవలెనా యని ఆలోచించుచుండగా మొన్న ఇదే గ్రంథాలయమున పత్రిక చదువుచున్న యువకు డొకడు నన్నొక ప్రశ్న యడిగెను. "సార్, అన్నీ కామారెడ్డికే వస్తయి. మా ఎల్లారెడ్డి దిక్కు ఒక్క ఫ్యాక్టరీ గూడ రాదేంది?" అని. ఆ ప్రశ్నలో కొంత కోపము, కొంత దుఃఖము ఉన్నవి. ఆతని యన్నగారు గల్ఫుదేశమున పనిచేయుచున్నారు. తానును పాసుపోర్టు చేయించుకొన్నాడు. పరిశ్రమ మనుష్యుని చెంతకు రానిచో మనుష్యుడే పరిశ్రమను వెదకుకొని పోవును. ఆ ప్రశ్నకు సమాధానమే నా ఉపన్యాసము.

మొదట రెండు పట్టణములను చూడుడు. కామారెడ్డి, ఎల్లారెడ్డి రెండును నిజాము కాలమున తాలూకా కేంద్రములే. రెంటి నడుమ దూరము సుమారు 40 కిలోమీటర్లు. 1900 సంవత్సర ప్రాంతమున సికింద్రాబాదు నుండి మన్మాడుకు పోవు గోదావరి లోయ రైలుమార్గము పడినప్పుడు అది కామారెడ్డి మీదుగా ఇందూరు చేరెను. ఎల్లారెడ్డి రైలుకు ఎడముగా నిలిచిపోయెను. తరువాత ఉత్తరమునుండి దక్షిణమునకు దేశమంతయు దాటు పెద్ద రహదారియు కామారెడ్డి ప్రక్కగానే పోయినది. నేడు దానికి 44వ జాతీయ రహదారి యని పేరు. 2016 అక్టోబరు 11న కామారెడ్డి జిల్లా కేంద్రమైనది. ఒక మేలు మరియొక మేలును పిలుచును. రైలు వచ్చినచోట గంజు వెలసెను. గంజు ఉన్నచోటికి రహదారి, రహదారి ఉన్నచోటికి కచేరీలు వచ్చెను. సంపద ఉన్నచోటికే సంపద చేరునను ఈ సంగతిని స్వీడను దేశపు అర్థశాస్త్రజ్ఞుడు గున్నార్ మిర్డాల్ 1957లో సవిస్తరముగా ప్రతిపాదించెను. మన పెద్దలు ఆ మాట చదువకయే ఎరుగుదురు.

కాని ఇంతతో సమాధానము పూర్తి కాలేదు. రైలు లేని పల్లెలకును కొన్ని పరిశ్రమలు వచ్చినవి. రైలున్న పట్టణములకును కొన్ని రాలేదు. కారణమేమి?

దీనిని మొదట లెక్కగట్టి చెప్పినవారిలో ముఖ్యుడు జర్మనీ దేశీయుడగు ఆల్ఫ్రెడ్ వెబర్. ఈయన సమాజశాస్త్రవేత్త మాక్స్ వెబర్‌కు తమ్ముడు. 1909లో పరిశ్రమల స్థాననిర్ణయమును గూర్చి గ్రంథము వెలువరించెను. ఆయన వేసిన ప్రశ్న చాల సులభమైనది: ముడిపదార్థమును మోయుట కష్టమా, తయారైన సరకును మోయుట కష్టమా? ఏది బరువో దాని దగ్గరకే కర్మాగారము పోవలెను.

చెఱకును తీసికొందము. నూరు టన్నుల చెఱకు ఆడించినచో సుమారు పది టన్నుల పంచదార వచ్చును. ముప్పది టన్నుల వరకు పిప్పి, నాలుగైదు టన్నుల మడ్డి పోగా మిగిలినదానిలో అధికభాగము నీరే. చెఱకు తోటకు 40 కిలోమీటర్ల దూరమున ఒక పట్టణమున్న దనుకొందము. కర్మాగారము పట్టణమున నున్నచో నూరు టన్నులను 40 కిలోమీటర్లు మోయవలెను. అనగా 4,000 టన్ను కిలోమీటర్ల మోత. కర్మాగారము తోట ప్రక్కనే యున్నచో పది టన్నుల పంచదారను మాత్రమే మోయుదుము. 400 టన్ను కిలోమీటర్లు. పదింట తొమ్మిది పాళ్ల మోత తప్పినది. కర్మాగారమునకు వలయు వంటచెఱకును పిప్పియే యగుటచే బొగ్గునకై రైలు పట్టాల ప్రక్కకు పోనక్కరలేదు. అంతేకాదు, కోసిన చెఱకు నిలువ యుండదు. ఒకనాటికి మించి ఆలస్యమైనకొలది దానిలోని చక్కెరపాలు తగ్గిపోవును. కనుక చక్కెర కర్మాగారము చెఱకును వెదకుకొని రావలసినదే.

మన సీమ చరిత్రయే దీనికి సాక్ష్యము. మంజీరానదిపై అచ్చంపేట, బంజేపల్లి గ్రామముల వద్ద నిజాంసాగర నిర్మాణము 1923లో ఆరంభమై 1931లో ముగిసెను. దానిని నిర్మించిన ఇంజనీరు నవాబు అలీ నవాజ్ జంగు. కాలువలు బోధను దిక్కుగా పారెను. నీరు వచ్చినవెంటనే చెఱకు వచ్చెను. చెఱకు వెనుకనే 1937లో బోధను వద్ద నిజాం షుగర్ ఫ్యాక్టరీ స్థాపింపబడెను. ఆ చోటికి శక్కర్‌నగరమని పేరు కలిగెను. జానకంపేట నుండి బోధనుకు రైలు శాఖయు పడెను. ఇచ్చట రైలు పరిశ్రమను తీసికొని రాలేదు. చెఱకు పరిశ్రమను తెచ్చెను, పరిశ్రమ రైలును నిలిపెను. తరువాతి కాలమున కామారెడ్డి చెంత అడ్లూరు ఎల్లారెడ్డిలోను, నిజాంసాగరు మండలములోని మాగిలోను గాయత్రి చక్కెర కర్మాగారములు వెలసినవి. ఆ రెండును పల్లెలే. పట్టణమును కాదని పల్లెను కోరు పరిశ్రమ కలదనుటకు వేరు నిదర్శన మేల?

చక్కెర కర్మాగారముకంటెను తోటకు దగ్గరైనది బెల్లపు గానుగ. అది తోటలోనే పాతబడును. చెఱకు గట్టుదాటి పోదు. అచ్చులు పోసిన బెల్లమే బండెక్కి కామారెడ్డి గంజునకు పోవును. ఒకప్పుడు కామారెడ్డి బెల్లపు అంగడి తెలంగాణమున పేరెన్నికగన్నది. గానుగ వలన రైతునకు కలిగిన మేలు మోత కూలి తగ్గుట ఒక్కటియే కాదు. ఈ మాటను కొంచెము నిదానముగా వినవలెనని కోరుచున్నాను.

చెఱకు నిలువయుండదు గనుక కర్మాగారము చెఱకు దగ్గరకు వచ్చునని చెప్పితిని. ఆ కారణము చేతనే రైతును ఆ ఒక్క కర్మాగారమునకే కట్టుబడిపోవును. వడ్లు ఇచ్చట ధర లేనిచో నాలుగు దినములు ఆగి మరియొక అంగడికి తోలుకొని పోవచ్చును. కోసిన చెఱకునకు ఆ వెసులుబాటు లేదు. తూకమాలస్యమైనను, డబ్బాలస్యమైనను రైతు సహింపవలసివచ్చును. అందువలననే కేంద్రప్రభుత్వము 1966 నాటి చెఱకు నియంత్రణ ఉత్తర్వులో సరకు అప్పగించిన 14 దినములలో ధర చెల్లింపవలెననియు, ఆలస్యమైనచో నూటికి ఏటికి 15 వంతున వడ్డీ ఈయవలెననియు విధించినది. ఈ ఉత్తర్వు ఎందరికి తెలియును? గానుగ యున్ననాడు రైతు కర్మాగారముతో "నీవు కాకున్న నా గానుగ ఉన్నది" అని చెప్పగలుగును. నాటుసారాకు బెల్లము పోవుచున్నదని దాని వర్తకముపై ఆంక్షలు పెరిగినకొలది గానుగలు తగ్గినవి. సారాను అరికట్టుట మంచిపనియే. కాని గానుగతో పాటు రైతు బేరమాడు బలమును కొంత పోయినదని మరువరాదు.

ఇక వడ్లను చూతము. నూరు కిలోల వడ్లు దంచిన 67 కిలోల బియ్యము వచ్చునని ప్రభుత్వపు లెక్క. అనగా బరువు మూడవ వంతు మాత్రమే తగ్గును. వడ్లు నెలల తరబడి నిలువయుండును. కనుక రైసుమిల్లు పొలమునకు బందీ కాదు. అది పల్లెనైనను ఉండవచ్చును, పట్టణమునైనను ఉండవచ్చును. అట్టి స్వేచ్ఛ యున్నప్పుడు పరిశ్రమ ఏమి చేయును? తనవంటివారి సరసకు చేరును. మిల్లు చెడినచో బాగుచేయు మిస్త్రీ, విడిభాగముల దుకాణము, అడ్తిదారు, హమాలీలు, లారీలు, అప్పిచ్చు బ్యాంకు, తవుడు కొను నూనె మిల్లు అన్నియు ఒకేచోట దొరకుటచే మిల్లుల ప్రక్కన మిల్లులు లేచును. ఆంగ్లదేశపు అర్థశాస్త్రజ్ఞుడు ఆల్ఫ్రెడ్ మార్షల్ 1890లోనే ఈ గుంపుగూడు గుణమును వర్ణించెను. మన అంగడిలో బట్టల దుకాణముల ప్రక్కనే బట్టల దుకాణము లేల యుండునో ఆలోచించిన ఈ విషయము బోధపడును.

దీనికి ఎదురుగా ఉన్నది సోడాబుడ్డి. సోడాలో అధికభాగము నీరు. నీరు ప్రతి యూరను దొరకును. నీటిని హైదరాబాదులో సీసాలలో నింపి ఎల్లారెడ్డికి మోసికొని వచ్చుటకంటె ఎల్లారెడ్డిలోనే నింపుట మేలు. ఎల్లెడల దొరకు పదార్థము ప్రధానమైనచో పరిశ్రమ వాడుకదారుని దగ్గర నెలకొనును. ఇటుకలు, రొట్టెలు, మంచుగడ్డలు ఈ కోవకు చెందినవే. చిన్న ఊరికిని తగిన పరిశ్రమ లివి. పెద్ద పొగగొట్టము కనబడలేదని వీనిని పరిశ్రమలు కావనరాదు.

బీడీల సంగతి వేరు. తునికాకు మన అడవులలో ఎండకాలమున సేకరింతురు. పొగాకు గుజరాతునుండి, కర్ణాటకములోని నిప్పాణి ప్రాంతమునుండి వచ్చును. బీడీలు దేశమంతట అమ్ముడుపోవును. ఆకు తేలిక, పొగాకు తేలిక, బీడీ తేలిక, మోతఖర్చు స్వల్పము. వేయి బీడీలు చుట్టుటకు పట్టు వేళ్ల శ్రమయే దీనిలో ప్రధానము. కనుక ఈ పరిశ్రమ కర్మాగారమును కట్టుకొనకయే ఇంటింటికి వచ్చి చేరినది. మన అక్కలు, అత్తలు చాటలు ఒడిలో పెట్టుకొని అరుగులమీద చుట్టు బీడీలే దాని యంత్రశాల. పరిశ్రమ మన సీమకు ఎందుకు వచ్చెను? చేతులు చౌకగా దొరకుటచేత. ఈ మాట చేదైనను నిజము. శ్రమ చౌకదనమును చూచి వచ్చిన పరిశ్రమ శ్రమ ధర పెరిగిన నాడు మరియొక చోటు వెదకును. నైపుణ్యమును చూచి వచ్చిన పరిశ్రమ అట్లు పోజాలదు. మన పిల్లల చదువునకును, పరిశ్రమల స్థాననిర్ణయమునకును గల సంబంధ మిదియే.

అట్లే దుకాణములకు, వైద్యశాలలకు, బడులకు కూడ స్థాననియమము కలదు. వాల్టర్ క్రిస్టాలర్ అను జర్మను భూగోళశాస్త్రజ్ఞుడు 1933లో దక్షిణ జర్మనీ పట్టణములను పరిశీలించి ఈ విషయము చెప్పెను. ఉప్పు కొనుటకు మనము ఊరు దాటము. ఎరువు, విత్తనములకు మండల కేంద్రమునకు పోవుదుము. శస్త్రచికిత్సకు కామారెడ్డికో నిజామాబాదుకో, అంతకు మించినచో హైదరాబాదుకో పోవుదుము. తరచుగా వలయునది దగ్గరను, అరుదుగా వలయునది దూరమునను ఉండును. ఒక సేవ నిలుచుటకు కనీసము ఇందరు వాడుకదారు లుండవలెను. ఈ గ్రంథాలయము ఇరువదియైదేండ్లు నిలిచినదన్నచో ఆ కనీససంఖ్య ఈ ఊర ఉన్నదనియే అర్థము. ఇది లెక్కలోని మాట, పొగడ్త కాదు.

ఇంతవరకు పరిశ్రమ వచ్చు కారణములు చెప్పితిని. పోవు కారణములు కూడ చెప్పవలెను. బోధను కర్మాగారము ఒకప్పుడు ఆసియాఖండముననే మిక్కిలి పెద్దదిగా పేరుగన్నది. 2002లో ప్రభుత్వము అధికభాగమును ప్రైవేటు యాజమాన్యమునకు అప్పగించెను. 2015 డిసెంబరులో కర్మాగారము మూతపడెను. 2024లో దాని పునరుద్ధరణమును పరిశీలించుటకు ప్రభుత్వము సంఘమును నియమించినది. మూతకు యాజమాన్యపు కారణములు, ధరల కారణములు పెక్కు చెప్పుదురు. భూగోళశాస్త్రము ఒక కారణమును చూపును. నిజాంసాగరమున మేట వేసి నీటినిలువ తగ్గెను. ఎగువన సింగూరు జలాశయము కట్టి ఆ మంజీరా నీటిని హైదరాబాదు నగరమునకు తరలించిరి. నీరు చాలని ఏట చెఱకు చాలదు. ఏడాది పొడుగున నిలుచు చెఱకునకంటె ఆరుతడి పంటలకు, వరికి రైతులు మరలుదురు. నీరు చెఱకును, చెఱకు కర్మాగారమును తెచ్చినది. నీరు వెనుదీసిన నాడు ఆ గొలుసు వదులైనది. చెఱకు పోవచ్చును, నీరు పోవచ్చును. ఇనుప యంత్రములు, కార్మికుల ఇండ్లు, వారి పిల్లల బడులు లేచి పోజాలవు. పరిశ్రమ వచ్చిన కారణము తీరిపోయిన పిదప ఆ ఊరి గతి యేమి యను ప్రశ్న పరిశ్రమ వచ్చిననాడే అడుగవలసినది.

ఇక భూమి మాట. వెబర్‌కు ముందే 1826లో ఫాన్ థూనెన్ అను భూస్వామి, జర్మనీలోని టెల్లో గ్రామమున తాను సేద్యము చేయుచు వ్రాసుకొన్న లెక్కల ఆధారమున ఒక గ్రంథము వెలువరించెను. పట్టణమునకు దగ్గరనున్న భూమి విలువ ఎక్కువ. దూరము పోవుకొలది తగ్గును. పాలు, కూరగాయలు పట్టణము చెంతను, ధాన్యము ఆవలను, పశువుల మేత బీళ్లు ఇంకను ఆవలను వలయములు వలయములుగా నుండునని ఆయన చూపెను. కామారెడ్డి నుండి బయలుదేరి ఎల్లారెడ్డి అడవులవరకు పోవువాడు ఆ వలయములను చెదరుమదరుగా నైనను చూడగలడు. పట్టణము పెరిగినకొలది లోపలి వలయము వెలుపలి వలయమును మ్రింగుచు పోవును.

ఈ మ్రింగుట ఎంతటి వేదన కలిగింపగలదో మన కండ్లతో చూచితిమి. కామారెడ్డి పట్టణపు ముసాయిదా మాస్టరుప్లానులో అడ్లూరు ఎల్లారెడ్డి మొదలగు గ్రామముల సాగుభూములను పారిశ్రామిక మండలముగా చూపిరని 2022 చివరను, 2023 జనవరిలోను రైతులు ఉద్యమించిరి. ఆ దినములలో ఒక రైతు ప్రాణమును కోల్పోయెను. తుదకు 2023 జనవరిలోనే పురపాలక సంఘము ఆ ముసాయిదాను రద్దుచేయ తీర్మానించెను. పటముమీద రంగు పూయుట క్షణములోని పని. ఆ రంగు క్రింద ఒకరి ఇంటి పెండ్లి ఖర్చు, ఒకరి పిల్లవాని చదువు, ఒకరి ముసలితనపు ఆధారము ఉండును. వెబర్ లెక్కలో మోత ఖర్చు ఉన్నది, కూలి ఖర్చు ఉన్నది. రైతు మనస్సు లేదు, చెరువులో కలియు మురుగునీరు లేదు. అవి శాస్త్రము వదలిన లెక్కలు. వానిని మనమే చేర్చుకొనవలెను.

నేను పరిశ్రమలకు విరోధిని కాను. పరిశ్రమ లేక గల్ఫుదేశమునకు పోయి ఏండ్ల తరబడి బిడ్డల ముఖము చూడని తండ్రులు ప్రతి ఊర నున్నారు. పరిశ్రమ రావలెను. కాని దానిని కోరువేళను, అది వచ్చుచున్నదని విన్నవేళను, ఎంతటివారు చెప్పినను అయిదు ప్రశ్నలు అడుగుడు.

మొదటిది: దాని ముడిపదార్థమేది? అది మన సీమలో దొరకునా, దొరకినచో ఎన్నాళ్లు దొరకును? రెండవది: దానికెంత నీరు వలయును, వాడిన నీరు ఎచ్చటికి పోవును? మూడవది: ఎందరికి పని యిచ్చును, ఆ పని మన పిల్లలకు వచ్చునదేనా, రానిచో నేర్పువారెవరు? నాలుగవది: అది మన పంటకు ఏకైక కొనుగోలుదారగునా? అగునేని ధర ఎవరు నిర్ణయింతురు, డబ్బు ఎన్నినాళ్లలో వచ్చును? అయిదవది: ఇంతకంటె తక్కువ సారముగల భూమి మరియొకచోట లేదా?

ఈ అయిదింటికి నిలిచిన పరిశ్రమను పూలమాలలతో ఆహ్వానింపుడు. నిలువనిదానికి మర్యాదగా నమస్కరింపుడు.

ఇక ఆ యువకుని ప్రశ్నకు నా సమాధానము. కామారెడ్డికి వచ్చునవి అన్నియు ఎల్లారెడ్డికి రావు, రానక్కరలేదు. గుంపుగూడు పరిశ్రమలు పట్టణమునే కోరును. కాని బరువు తగ్గు పంటల పరిశ్రమలు, వాడుకదారుని చెంత నెలకొను చిన్న పరిశ్రమలు, నేర్చిన చేతులపై నిలుచు పరిశ్రమలు పల్లెకును రాగలవు. ఎల్లారెడ్డి ప్రాంతమునకు 1922 నాటి పోచారము జలాశయమున్నది, అడవియున్నది, పొలమున్నది. ఏమి లేదని విలపించుటకు ముందు ఏమున్నదో పట్టిక వ్రాయవలెను. గ్రామములోని పంటలెన్ని, బరువెంత, ఏ నెలలో వచ్చును, ఎచ్చటికి పోవుచున్నది, అచ్చట దాని నేమి చేయుచున్నారు అను అయిదు గడుల పుస్తకము నొకదానిని ఈ గ్రంథాలయమున ఉంచి, చదువుకొన్న యువకులు ఏటేట నింపుచు వచ్చినచో, రేపు అధికారులముందు నిలిచి మాటలాడునపుడు మన చేత ఆధారముండును. అర్జీలో కన్నీరు ఉన్నచో జాలి పుట్టును. అంకెలున్నచో ఆలోచన పుట్టును.

ఆ యువకుడు ఈ సభలోనే యున్నాడు. పాసుపోర్టు ఎట్లును వచ్చినది. పోవుట పోకుండుట ఆతని యిష్టము. పోవులోపల ఆ పుస్తకమున మొదటి పుట ఆతడే వ్రాయవలెనని కోరుచున్నాను. గీతలు కొట్టిన పుస్తకము నొకదానిని తెచ్చితిని. దానిని గ్రంథాలయాధికారిగారికి ఇప్పుడే సమర్పించుచున్నాను.

ఈ గ్రంథాలయము స్వర్ణోత్సవము కూడ జరుపుకొనుగాక!